మా అత్తగారి ఉపవాసం

మా అత్తగారు పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నా చూపు గడియారం మీదికి పోతుంది. పిల్లలకు ఎక్కాలు చెప్తూ చెప్తూ ఆగిపోతాను. ఇంటికి పరిగెత్తాల్సిన పని ఇక లేదని గుర్తు రావడానికి కాసేపు పడుతుంది.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. మా ఆయనైతే వద్దనే అన్నారు. "ఇంటి గుట్టు బయట పెట్టుకోవడం ఎందుకు?" అన్నారు. "గుట్టేముందండీ ఇందులో, ఊరంతా చూసిందేగా," అన్నాను. నా నోరు అంత మంచిది కాదని మావాళ్ళందరికీ తెలుసు. అత్తగారితో పంతొమ్మిదేళ్ళు పేచీలు పడుతూనే కాపురం చేశాను. ఆవిడ దేవతనీ, నేను మహా సేవ చేశాననీ చెప్పుకోవడానికి కాదు ఇది. ఐదు నెలల పాటు మా ఇంట్లో ఒక మనిషి ఆకలితో మాడుతుంటే మేం దాన్ని భక్తి అనుకున్నాం. అలా అనుకునే ఇళ్ళు ఇంకా ఉంటాయేమోనని భయం. అందుకే రాస్తున్నాను.

2005

మా ఆయన ఏసురత్నం తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఫిట్టరు. నేను ఎయిడెడ్ స్కూల్లో టీచర్ని. అత్తగారు మార్తమ్మ గారు పెదపాడు అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళు బైబిలమ్మగా పనిచేశారు. అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పడం, జబ్బుపడ్డవాళ్ళ మంచం దగ్గర కూర్చుని ప్రార్థన చేయడం, ఆడవాళ్ళకు నాలుగక్షరాలు నేర్పడం. మావయ్యగారు పోయాక మా దగ్గరికి వచ్చేశారు.

ఆ ఏడు వానాకాలంలో అనుకుంటాను, ఒక బుధవారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఆదివారం ఆరాధనకి టైమైపోతోంది, మీరింకా తయారవలేదేంటమ్మాయ్?" అన్నారు. నవ్వుకున్నాం. ఇంకో రోజు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశారు. దానికీ నవ్వుకున్నాం. చర్చి నుంచి వస్తూ దారి తప్పి మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాల మీద కూర్చుంటే ఎవరో తెలిసినవాళ్ళు తీసుకొచ్చి దింపారు. ఆ రోజు మాత్రం ఎవరం నవ్వలేదు. "పెద్దతనం కదా," అని మా ఆయన మాట మార్చేశారు. నేనూ ఊరుకున్నాను.

2006, శ్రమకాలం నుంచి ఆగస్టు దాకా

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ మా అత్తగారు పగలు ఏమీ ముట్టరు. మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన ముగించి అప్పుడు భోంచేస్తారు. ఊళ్ళో ఉన్నప్పుడైతే ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారం కూడా అంతేనట. ఆ ఏడూ అలాగే ఉన్నారు. ఈస్టరు, అంటే పునరుత్థాన పండుగ వచ్చింది, కోడికూర వండాను, అందరం తిన్నాం. మర్నాడు ఇడ్లీ పళ్ళెం ముందు పెడితే పక్కకి జరిపేశారు.

"ఉపవాసం కదమ్మాయ్!"

"శ్రమకాలం అయిపోయింది కదండీ అత్తయ్యగారూ. నిన్ననే కదా పండుగ చేసుకున్నాం."

"నాకు చెప్తున్నావా ఉపవాసం సంగతి?" అని గదమాయించారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మాత్రం, "ఏదో మొక్కుకుని ఉంటుంది, కదపకు," అన్నారు.

నిజం చెప్పేస్తాను. నాకూ సుఖంగానే ఉంది. పొద్దున్నే రెండు క్యారేజీలు కట్టుకుని స్కూలుకి పరిగెత్తే దాన్ని, ఒకరి టిఫిను తప్పితే అదే పదివేలనుకున్నాను. అన్నం, కూర, మజ్జిగ బల్ల మీద మూతపెట్టి వెళ్ళేదాన్ని. నాలుగున్నరకి వచ్చేసరికి పళ్ళెం కడిగి బోర్లించి ఉండేది. మూడింటికి ప్రార్థన అయ్యాక తిన్నారనుకునేదాన్ని. రాత్రి మాతో పాటు కూర్చుని రెండు ముద్దలు తినేవారు. పగలంతా ఉపవాసం కదా, ఎక్కువ తినలేకపోతున్నారని అనుకున్నాం.

ఈ సంగతి చర్చిలో పాకింది. పండుగ వెళ్ళినా మార్తమ్మ గారు ఉపవాసం విడవలేదట అని స్త్రీల సమాజంలో ఎవరో సాక్ష్యం చెప్పారు. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళేవారు. కూతురి పెళ్ళని ఒకరు, కడుపునొప్పని ఒకరు, కొడుకు పరీక్షలని ఇంకొకరు. ఆవిడ అందరి తల మీదా చెయ్యి వేసేవారు. ఆ చెయ్యి సన్నబడుతోందని ఒక్కరికీ కనపడలేదు. మా ఇంటికి పేరొచ్చిందని నేను లోపల్లోపల పొంగిపోయాను కూడా.

ఆగస్టులో స్త్రీల సమాజంవాళ్ళు ఆవిడకి శాలువా కప్పుతామని పిలిచారు. శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పండమ్మా అన్నారు. ఆవిడ నిలబడి, మైకు పట్టుకుని, అలాగే కూలిపోయారు. శాలువాతో సహా ఎత్తుకుని ఆటోలో వేశాం. ఆ తల నా ఒళ్ళో ఉంది, బరువే లేదు. గూడెంలో డాక్టరు చూసి వెంటనే ఏలూరు తీసుకెళ్ళమన్నారు.

2006, ఏలూరు

ఆ ఆసుపత్రి హాల్లో సిమెంటు బెంచీల మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం. కాంపౌండరు గుమ్మంలోకి వచ్చి పేరు పిలిచినప్పుడల్లా అందరం తలెత్తేవాళ్ళం. మా పక్కన ఉన్న ఒకావిడ తన ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి నాకిచ్చింది. ఎవరో ఏమో, పేరైనా అడగలేదు. ఆ కాఫీ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

డాక్టరుగారు మొదట అడిగిన మాట, "ఈవిడ ఏం తింటారమ్మా?"

"పగలు ఉపవాసం ఉంటారండీ. మూడింటికి భోంచేస్తారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"శ్రమకాలం నుంచండీ."

"అదెప్పుడు అయిపోయింది?"

ఏప్రిల్ నుంచి నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదు వేళ్ళయ్యాయి. ఆయన కలం బల్ల మీద పెట్టేసి మా అత్తగారి వైపు వంగారు.

"అమ్మా, ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం బాబూ."

ఆ రోజు మంగళవారం.

"మరి నిన్న?"

"శుక్రవారమే కదా."

"రేపు?"

"శుక్రవారం," అన్నారావిడ, ఈ పిల్లాడికి ఏమీ తెలియదు పాపం అన్నట్టు జాలిగా చూసి. అక్కడే అర్థమైంది నాకు. డాక్టరుగారు తర్వాత డిమెన్షియా అన్నారు, మెదడు అన్నారు, నయమయ్యేది కాదన్నారు. అవన్నీ మా ఆయన విన్నారు. నా చెవిలో మాత్రం శుక్రవారమే మోగుతోంది.

వట్లూరు నుంచి మా వదినగారు, అంటే మా ఆయన అక్క సలోమి, ఆదరాబాదరా వచ్చారు. అమ్మ చీర మారుస్తానని తెర వెనక్కి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి ఆవిడ చేతిలో గుప్పెడు పిన్నీసులున్నాయి. జాకెట్టు వదులైనప్పుడల్లా అత్తగారు తనే ఒక పిన్నీసు పెట్టుకుంటూ వచ్చారన్నమాట. ఐదు నెలల్లో ఎన్ని పెట్టుకున్నారో అన్నీ అందులో ఉన్నాయి.

"ఒకింట్లో ఉన్నావు. నీ కళ్ళకి ఇవి కనపడలేదా కరుణా? నా తల్లిని పస్తులు పెట్టావా?"

హాల్లో అందరూ మావైపు తిరిగారు. మా ఆయన, "అక్కా, ఊరుకో," అన్నారు గానీ ఆయనా నా మొహం చూడలేదు.

నాలుగు రోజులు గ్లూకోజు ఎక్కించి ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక పక్కింటి వెంకటలక్ష్మి గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళకి రెండు గేదెలున్నాయి.

"ఏవండీ టీచరుగారూ, పెద్దావిడ రోజూ మూడింటికి పళ్ళెం తెచ్చి మా కుడితి గోలెంలో పోసేవారండి. ఉపవాసం కదమ్మా, పారేస్తే పాపం, గేదె తింటుంది అనేవారండి. ఆయ్, మీకు తెలుసనుకున్నానండి."

కడిగి బోర్లించిన పళ్ళేలన్నీ కళ్ళముందు తిరిగాయి.

2006, సెప్టెంబరు

ఇక మొదలైంది యుద్ధం. తిండి పెట్టాలి, ఎలాగైనా పెట్టాలి. ఆవిడేమో, "ఉపవాసం," అంటారు. బతిమాలాం, బెదిరించాం, పాస్టరయ్యగారిని పిలిపించి ఉపవాసం అయిపోయిందని చెప్పించాం. "అలాగే అయ్యగారూ," అని చేతులు జోడించి, ఆయన మెట్లు దిగగానే మళ్ళీ పళ్ళెం జరిపేశారు. కేలండరు చూపించాను. నాకు పాఠం చెప్పే అలవాటు కదా, ఒక్కో గడీ మీద వేలుపెట్టి చూపించాను. ఆవిడ బుద్ధిగా విని, "బాగుందమ్మా," అన్నారు.

ఒకరోజు మా ఆయన ఓపిక నశించి దవడలు నొక్కి చెంచా నోట్లో పెట్టారు. ఆవిడ మొహమంతా అన్నం చిమ్మింది. "సాతానా, ఫో అవతలికి!" అని కన్నకొడుకు మీద అరిచారు. ఆయన చెంచా విసిరేసి పెరట్లోకి పోయి, నూతి గట్టు మీద కూర్చుని గుక్కపట్టి ఏడ్చారు. ఆ మనిషి ఏడవడం పెళ్ళయ్యాక అదే చూడటం నేను. మావయ్యగారు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

మళ్ళీ ఏలూరు వెళ్ళాం. డాక్టరుగారు ఒక చీటీ రాసిచ్చారు. "మందులు నేనిస్తానమ్మా. తిండి సంగతి ఈవిడని అడగండి," అన్నారు. వట్లూరులో ఉండే రిటైరైన నర్సు, దీనమ్మ సిస్టర్. అరవై దాటిన మనిషి, మాట కటువు. నేను రిపోర్టులన్నీ తీసి బల్ల మీద పరిచాను. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"ఇవి తర్వాత చూస్తాగానీ, మీ అత్తగారు నేల మీద కూర్చుని తింటుందా, కుర్చీలోనా?"

"మా ఇంట్లో టేబులేనండీ."

"మీ ఇంటి సంగతి కాదమ్మా. ఆవిడ అలవాటు?"

"నేలమీదేమో..."

"ఏమో ఏంటి? పొద్దున్న లేవగానే ఏం చేస్తుంది? ఎవరి పక్కన కూర్చుంటే నెమ్మదిగా ఉంటుంది? ఏ కూర ఇష్టం? ఉపవాసం ఎలా ముగిస్తుంది?"

"ఎలా ఏంటండీ, ప్రార్థన చేసుకుని తింటారు."

"ప్రార్థన ఎవరు చేస్తారు? తనా, వేరేవాళ్ళా? పక్కన ఎవరుంటారు?"

ఏ శుక్రవారమూ ఆవిడతో ఉపవాస ప్రార్థనకి వెళ్ళలేదు నేను, నాకు స్కూలు. ఆవిడకు కాఫీలో పంచదార ఎంత కావాలో తెలుసు, ఏ మాటకు కోపమొస్తుందో తెలుసు, అంతే. సిస్టర్ నా చేతిలో ఒక కొత్త నోటుపుస్తకం పెట్టారు. "ఇవన్నీ కనుక్కుని ఇందులో రాసుకురా. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాదు. మార్తమ్మకి ఏం కావాలో మార్తమ్మ ఊరికే తెలుస్తుంది," అన్నారు.

2006, అక్టోబరు

ఏలూరులో దిగి పెదపాడు బస్సెక్కి, అక్కణ్ణుంచి షేరాటోలో కొల్లేటి వైపు వెళ్ళాను. సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు అది. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలే. పనుల్లేక జనం ఎటువాళ్ళటు పోయారు. మందిరం తలుపులు తీసే ఉన్నాయి గానీ లోపల మనుషుల్లేరు. శుక్రవారాలు అత్తగారితో ఉపవాసం ఉండేవాళ్ళు ఎనిమిదిమంది ఆడవాళ్ళట, వాళ్ళలో ఊళ్ళో మిగిలింది సుందరమ్మ గారొక్కరే. అరుగు మీద కూర్చుని పాత వల విప్పి తాళ్ళు చుడుతున్నారు. నేనెవరో చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పాను. పిన్నీసుల సంగతి, గేదె సంగతి కూడా చెప్పేశాను. ఏ మొహం పెట్టుకుని చెప్పానో నాకే తెలీదు.

"ఒక్కద్దాన్నీ ఒదిలేసి ఎల్లేవా రోజూ?" అన్నారు.

"స్కూలుంది కదండీ."

"మరి ఎలా తింటాదే పిచ్చిదానా? మార్తక్క ఉపవాసం నాడు తన చేత్తో తను ముద్ద ఎప్పుడన్నా నోట్లో ఎట్టుకుందా?"

అప్పుడు చెప్పారావిడ. ఆ రోజుల్లో మూడింటికి ప్రార్థన అయిపోతే తినడానికి కొందరిళ్ళల్లో ఏమీ ఉండేది కాదట. ఏమీ తేలేనివాళ్ళు ఏదో వంక చెప్పి ముందే లేచిపోయేవారట. అది కనిపెట్టి మార్తమ్మ గారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరు ఏం తెచ్చినా ఒకే బేసినులో పోసి కలిపేయాలి. ఏమీ తేనివాళ్ళ చేతే ముగింపు ప్రార్థన చేయించాలి. ఆమేన్ అన్నాక మొదటి ముద్ద పక్కనున్నవాళ్ళు నోట్లో పెట్టాలి. పెట్టించుకున్నాక తను వాళ్ళకి పెట్టాలి. అప్పుడుగానీ సొంత చెయ్యి బేసినులో పెట్టకూడదు.

"ఎవరు తెచ్చేరో ఎవరు తేలేదో తెలవకూడదనేది. తనంతట తను తింటే అది దొంగతిండి అనేది. అలాంటిదాన్ని ఒంటరిగా పళ్ళెం ముందు కూకోబెడితే ఏం చేస్తాది? దాచిపెట్టక, గేదెకన్నా పెట్టక?"

నేను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. అక్షరాలు అలుక్కుపోతుంటే సుందరమ్మ గారు కొంగుతో నా మొహం తుడిచారు. "రాసుకో, రాసుకో," అన్నారు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టాను. చాప వేశాను. స్టీలు బేసినులో అన్నం, పప్పు, వంకాయ కూర అన్నీ కలిపేశాను. తల మీద కొంగు కప్పుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకు ప్రార్థన చేయడం సరిగ్గా రాదు, ఏదో తడబడి చేసి ఆమేన్ అన్నాను. ఆవిడ కూడా ఆమేన్ అన్నారు. ముద్ద తీసి నోటి దగ్గర పెట్టాను. ఆవిడ నోరు తెరిచారు.

నమిలి మింగి, తనొక ముద్ద చేసి నా నోట్లో పెట్టారు. తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వు ఎవరి తాలూకమ్మా? ఇంట్లో ఏమన్నా ఉందా నీకు?" అని మెల్లగా అడిగారు. ఏమీ తెచ్చుకోలేనివాళ్ళని అలాగే అడిగేవారు కాబోలు.

"లేదండీ," అన్నాను.

"తిను, తిను. సిగ్గుపడకు."

బేసిను ఖాళీ అయ్యేదాకా ఇద్దరం తిన్నాం. పెరటి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. "అమ్మ తిందా?" అన్నారు. "తిన్నారండీ," అన్నాను. ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

2007

దీనమ్మ సిస్టర్ నా రాతంతా చదివి రోజుకి మూడుసార్లు ఉపవాసం ముగించేలా వరస రాసిచ్చారు. పొద్దున్న ఏడింటికి నేను. మధ్యాహ్నం పన్నెండుకి స్కూలు విరామంలో నేనే పరిగెత్తుకొచ్చి పెట్టడం. సాయంత్రం ఇంకోసారి. ఆవిడ కుడిపక్కనే కూర్చోవాలి, ఎడమ చెవి వినపడదు. మెత్తటి అన్నం. చేప పెడితే ముల్లు నేనే తీయాలి. గదిలో రేడియో ఉండకూడదు. ఏ వారం అని ఎవరూ అడగకూడదు. ఇవన్నీ ఆవిడకోసమే రాసినవి, వేరేవాళ్ళకు పనికిరావు. ఇది చదివేవాళ్ళు నా పట్టీ ఎత్తి రాసుకోవద్దు. మీ మనిషి సంగతి మీరు కనుక్కోండి.

ఒక్క చిక్కొచ్చింది. ఆ ప్రార్థన ఆడవాళ్ళది. కొడుకు వచ్చి కూర్చుంటే ఆవిడ కొంగు లాక్కుని, "మగవాళ్ళు లోపలికి రాకూడదు బాబూ," అనేవారు. కొడుకని అప్పటికే పోల్చుకోలేకపోతున్నారు. మా ఆయన చెంచా నాడు చేసిన తప్పుకి ఇది శిక్ష అనుకున్నారు. ఎంత చెప్పినా వినలేదు. మిల్లు నుంచి వీలైనప్పుడల్లా వచ్చి, గుమ్మం అవతలే నిలబడి, "తిందా?" అని అడిగి వెళ్ళిపోయేవారు.

ఇన్‌స్పెక్షన్ రోజుల్లో నేను మధ్యాహ్నం రాలేకపోయాను. వెంకటలక్ష్మి గారు, "నేను పెడతానండి," అన్నారు. వాళ్ళు హిందువులు, శనివారాలు వెంకన్న గుడికి వెళ్ళే మనిషి.

"మీ ప్రార్థన నాకు రాదు గదండీ టీచరుగారూ, ఏమనాలో చెప్పండి."

"మీకు తోచింది అనండి."

సాయంత్రం అడిగితే ఆవిడ నవ్వారు. "కొంగు కప్పుకుని, ప్రభువా ఈ పెద్దావిడకి ముద్ద దిగాలి, ఆమేన్, అన్నానండి. చక్కగా దిగిందండి. నాక్కూడా పెట్టారండోయ్, వద్దన్నా వినలేదు!" అప్పట్నుంచి వారానికి రెండు మూడు రోజులు ఆవిడే పెట్టేవారు. ఆవిడ రుణం మేం తీర్చుకోలేం.

మా వదినగారు శనివారం శనివారం వచ్చి అమ్మతో చాప మీద కూర్చునేవారు. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడేవారు కాదు. ఎండాకాలం వచ్చేసరికి అత్తగారి జాకెట్లకి పిన్నీసులు అక్కర్లేకపోయింది. కొత్తవి కుట్టించాం. మతి మాత్రం రోజురోజుకీ జారిపోతూనే ఉంది. మంచం తడిపేవారు, చీర విప్పేసేవారు, నన్ను గిచ్చేవారు. చేతుల నిండా మచ్చలతో స్కూలుకి వెళ్ళేదాన్ని. ఒక్కోసారి విసుగొచ్చి, ఆవిడ వినేలాగే, "దేవుడా, ఇంకెన్నాళ్ళు!" అని అరిచాను. అది కూడా రాయాలి కదా.

2008

వానలు మొదలయ్యేసరికి మాట పోయింది. తర్వాత నమలడం మర్చిపోయారు. ముద్ద బుగ్గలో పెట్టుకుని అలా ఉండిపోయేవారు. మింగితే పొలమారేది, కళ్ళు తేలేసేవారు. సెప్టెంబరులో జ్వరమొచ్చి, ఊపిరితిత్తులకు పాకిందని ఏలూరులో చేర్చారు. ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపుదామా అని అడిగారు. మా ఆయన నా వైపు చూశారు. వదినగారు నా వైపు చూశారు. వేయమని గట్టిగా చెప్పింది నేనే. మళ్ళీ పస్తు పెట్టానని అనిపించుకోలేను, అనుకోలేను.

ఆవిడ గొట్టం పీకేశారు. మళ్ళీ వేశారు. మళ్ళీ పీకేశారు. మూడోసారి రెండు చేతులూ గుడ్డతో మంచం పట్టెలకి కట్టేశారు. ఆ చేతులు కట్టేసి ఉండగా తెల్లటి ద్రవం గొట్టంలోంచి దిగడం ఐదు రోజులు చూశాను. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుండేవి. తుడిచేదాన్ని, మళ్ళీ కారేవి. అయినా తీయమనలేదు.

ఆరో రోజు దీనమ్మ సిస్టర్ వచ్చారు. కట్లు చూసి, నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు.

"గొట్టం వేసినా ఆవిడ ఎన్నాళ్ళో ఉండదమ్మా. డాక్టరుగారు చెప్పలేదా?"

"చెప్పారండీ. తీసేస్తే ఆకలికి పోతారు కదండీ. నా చేతులారా మళ్ళీ..."

"విను. అప్పుడు ఆవిడకి ఆకలుంది, నువ్వు ఉపవాసమనుకున్నావు. ఇప్పుడు ఆకలి లేదు. ఒళ్ళే వద్దంటోంది. అది పస్తు కాదు. ఈ తేడా నువ్వు నేర్చుకోకపోతే ఆ చేతులు అలాగే కట్టేసి ఉంటాయి."

నాకు కోపమొచ్చింది. మీకేం, చెప్తారు, అనేశాను. ఆవిడ నా పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపటికి వదినగారు వచ్చి మాకు ఎదురుగా నిలబడ్డారు. అంతా విన్నట్టున్నారు. "తీయించేద్దాం కరుణా," అన్నారు. రెండేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే. సాయంత్రానికి గొట్టం తీయించి, కట్లు విప్పించి, ఇంటికి తీసుకొచ్చేశాం.

ఇంటి దగ్గర పూటపూటకీ చాప వేయడం మాత్రం మానలేదు. దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, చెంచాతో పెదాలు తడిపేదాన్ని. అది ఒక చుక్క దిగితే దిగేది, లేకపోతే లేదు. ఒకరోజు ఎందుకో ఆవిడ మొహం తేటగా కనిపించింది. ఆశ పుట్టింది నాకు. బేసినులో గుప్పెడు అన్నం, పాలు పోసి మెత్తగా పిసికాను. కొంగు కప్పుకున్నాను, ప్రార్థన చేశాను, చిన్న ముద్ద పెదాల దగ్గర పెట్టాను. పెదాలు విడలేదు. ఇంకోసారి పెట్టాను. ఆవిడ చెయ్యి మెల్లగా పైకి లేచింది. మణికట్టు మీద కట్టిన గుడ్డ గుర్తులు ఇంకా పోలేదు. నా వేళ్ళలోంచి ముద్ద తీసుకుని నా నోటి దగ్గర పెట్టారు.

తిన్నాను. బేసినులో చెయ్యి పెట్టి ఇంకో ముద్ద తీశారు. అదీ తిన్నాను. వద్దండీ అత్తయ్యగారూ, మీరు తినండి, అంటే వినరు. చెయ్యి మధ్యలో ఆగిపోతుంది, వాలిపోతుంది, మళ్ళీ లేస్తుంది. ఆవిడ ఒక్క మెతుకు ముట్టలేదు. బేసినంతా నేనే తిన్నాను, ఏడుస్తూ తిన్నాను.

గుమ్మం అవతల నుంచి మా ఆయన, "అమ్మ తిందా?" అన్నారు.

"లేదండీ. నాకు పెట్టారు."

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద, తల్లి ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ కొంగు లాక్కోలేదు. ఆయన వైపు చూశారు. బేసినులో చెయ్యి పెట్టి తడిమారు. అందులో ఏమీ లేదు. అడుగంతా వేళ్ళతో ఊడ్చి, ముద్ద పట్టుకున్నట్టే వేళ్ళు దగ్గరికి చేర్చి, ఆ ఖాళీ చెయ్యి కొడుకు నోటి దగ్గర పెట్టారు.

ఆయన నోరు తెరిచారు. నమిలారు. మింగారు.